ఎండిన ఈత కొలనులు, తల్లి ఖాతాలు

1976, 77 సంవత్సరాల్లో కాలిఫోర్నియాకి వానలు మొహం చాటేశాయి. మన ఉద్దానంలో తుపానొస్తే కొబ్బరిచెట్లు పోతాయి. ఇక్కడ వాన పడకపోతే ముందు పోయేవి పెరటి ఈత కొలనులు. లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల కాస్త కలిగినవాళ్ల ఇంటి వెనక ఒక సిమెంటు కొలను ఉంటుంది. నీళ్ల వాడకం మీద ఆంక్షలు పెట్టేసరికి అవన్నీ ఒక్కొక్కటే ఎండిపోయాయి. ఈ కొలనులకి మన కోనేరులాగ చుట్టూ మెట్లుండవు. అడుగు గుండ్రంగా, గోడలు వంపు తిరిగి పెద్ద మూకుడులా ఉంటాయి. ఇంటివాళ్లు ఊళ్లో లేరని తెలిస్తే చాలు, సముద్రం ఒడ్డు పేటల్లోని గుంటలు గోడ దూకేవారు. అడుగున మిగిలిన మురికినీళ్లు బకెట్లతో తోడేసి, తుడిచి, నాలుగు చక్రాలున్న చెక్క మీద నిలబడి ఆ వంపుగోడల మీద పైకీ కిందికీ తిరిగేవారు. ఒకడు గోడ మీద కాపలా. పోలీసు కారు కనబడితే పక్క గోడ దూకి పరుగు.

ఇప్పుడు ఒలింపిక్స్‌లో పతకాలిస్తున్న స్కేట్‌బోర్డింగుకి ఈనాటి రూపం వచ్చింది ఆ దొంగాటలోనే.

నేను భావనపాడులో పుట్టి, కాలిఫోర్నియాలో కాపురం పెట్టినదాన్ని. సెలవులకి వచ్చినప్పుడల్లా మా చిన్నాన్న ఒకటే అడుగుతాడు: "అమెరికాలో కూడా లేనోళ్లుంటారేటమ్మా?" ఉంటారు చిన్నాన్నా అంటే నవ్వేసి ఊరుకుంటాడు. ఉంటారని చెప్పడం తేలిక. వాళ్లతో ఈ దేశం ఎలా మెలిగిందో చెప్పాలంటే మాత్రం చరిత్రలోకి దిగాలి. దానికి నాకు దొరికిన దారి ఈ చక్రాల చెక్క. పేద గుంటడిని వీధిలోంచి తరిమిన ఏళ్లూ, వాడి తల్లిని ప్రభుత్వ కార్యాలయంలోంచి తరిమిన ఏళ్లూ ఇక్కడ ఇంచుమించు ఒకటే. తరవాత గుంటడిని పిలిచి పీట వేశారు. తల్లి ఇంకా గుమ్మం బయటే ఉంది.

ముందు ఆట సంగతి. 1950ల్లో అలల మీద పలకలతో జారే కుర్రాళ్లు, సముద్రం స్తబ్దుగా ఉన్న రోజున తోచక రోలర్ స్కేట్ల చక్రాలు ఊడదీసి చెక్కకి బిగించారు. మొదట ఇనుప చక్రాలు, తరవాత క్లే అని పిలిచే మిశ్రమంతో చేసినవి. దారిలో చిన్న గులకరాయి తగిలితే చక్రం నిలిచిపోయేది, కుర్రాడు ముందుకెళ్లి బోర్లా పడేవాడు. చేతులూ పళ్లూ విరుగుతుంటే 1965 నాటికి చాలా నగరాలు వీధుల్లో దాన్ని నిషేధించాయి. ఆట చచ్చిపోయిందనే అనుకున్నారు. 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్దీ అనే ఆయన యూరిథేన్ చక్రాలు బజార్లోకి తెచ్చాడు. అవి నేలని పట్టుకుంటాయి. ఆ పట్టు లేకపోతే కొలను గోడ ఎక్కడం మాట దేవుడెరుగు, మలుపు తిరగడమే కష్టం.

లాస్ ఏంజెలెస్ తీరాన శాంటా మోనికాకీ వెనిస్‌కీ మధ్య డాగ్‌టౌన్ అని పిలిచే పేట ఉండేది. ఇవాళ అక్కడ ఇల్లు కొనాలంటే పలాస జీడి షావుకార్లకి కూడా చెమటలు పడతాయి. అప్పట్లో అది పాడుబడ్డ తీరం. పసిఫిక్ ఓషన్ పార్క్ అనే వినోదశాల 1967లో మూతపడి, దాని స్తంభాలు సముద్రంలో విరిగి నిలబడి ఉండేవి. ఆ స్తంభాల మధ్య అలల మీద జారిన పిల్లల్ని జెఫ్ హో, స్కిప్ ఎంగ్‌బ్లమ్, క్రెయిగ్ స్టెసిక్ అనే ముగ్గురు తమ జెఫిర్ దుకాణంలోకి చేరదీసి జట్టు కట్టారు. జే ఆడమ్స్, టోనీ ఆల్వా, స్టేసీ పెరాల్టా, ఉన్న ఒక్క ఆడపిల్ల పెగ్గీ ఓకీ. 1975లో డెల్ మార్‌లో జరిగిన జాతీయ పోటీలకి ఈ జట్టు వెళ్లింది. మిగతావాళ్లు నిటారుగా నిలబడి సర్కస్‌లా విన్యాసాలు చేస్తుంటే వీళ్లు అలల మీద వంగినట్టు నేలకి వంగి, చేతులు ఆనించి తిరిగారు. ఎలా మార్కులెయ్యాలో న్యాయనిర్ణేతలకి పాలుపోలేదు.

పెరాల్టా 2001లో ఈ జట్టు మీద ఒక డాక్యుమెంటరీ తీశాడు. అది చూస్తే ఆట కంటే ఇళ్ల సంగతి ఎక్కువ గుర్తుండిపోతుంది. ఆ పిల్లల్లో చాలామంది చెదిరిన కాపురాల నుంచి వచ్చారు. ఇంట్లో తండ్రి లేడు, తల్లి పనికి పోయింది, దుకాణమే ఇల్లయింది. అందరిలోకీ సహజమైన ఆటగాడని పేరు తెచ్చుకున్న జే ఆడమ్స్ మత్తుమందుల్లో పడి, జైలుకెళ్లి వచ్చి, 2014లో 53 ఏళ్లకే పోయాడు. పెరాల్టా కంపెనీ పెట్టి బాగుపడ్డాడు. పత్రికలు పెరాల్టా కథనే ఎక్కువ చెబుతాయి.

ఇంతకీ ఆ తల్లుల సంగతేమిటి?

భర్త లేని తల్లికి ప్రభుత్వం డబ్బివ్వాలన్న ఆలోచన ఈ దేశంలో కొత్తది కాదు. 1911లో ఇల్లినాయ్ రాష్ట్రం మొదలుపెట్టింది. 1935లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సోషల్ సెక్యూరిటీ చట్టం తెచ్చినప్పుడు, ఆధారం లేని పిల్లలకి సాయం అనే పద్దు కూడా అందులో ఉంది. కేంద్రం కొంత, రాష్ట్రం కొంత వేసుకుంటాయి. ఎవరికివ్వాలో రాష్ట్రం తేలుస్తుంది. మెలికంతా ఆ చివరి మాటలో ఉంది. చట్టం చేసినవాళ్లు మనసులో అనుకున్న తల్లి తెల్లజాతి వితంతువు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి తల్లి వచ్చి నిలబడేసరికి నిబంధనలు పుట్టుకొచ్చాయి. ఇల్లు తగినట్టు లేదు అని ఒకటి. పెళ్లి కాకుండా పిల్లని కన్నదని ఇంకొకటి. 1960లో లూసియానా ఇలాంటి నిబంధన పేరు మీద ఒక్కసారిగా సుమారు 23,000 మంది పిల్లల్ని జాబితాలోంచి కొట్టేసింది.

అన్నిటికంటే హీనమైనది, ఇంట్లో మగాడు అనే నిబంధన. సాయం తీసుకునే తల్లి దగ్గరకి ఏ మగవాడు వచ్చిపోయినా వాడు పిల్లలకి తండ్రి కింద లెక్క, కాబట్టి పోషణ వాడిదే, సాయం బంద్. అధికారులు అర్ధరాత్రి తలుపు తట్టి మంచం కింద, అలమారులో మగవాళ్ల చెప్పులకోసం వెతికిన రోజులున్నాయి. అలబామా రాష్ట్రంలో సెల్మా ఊరి దగ్గర శ్రీమతి స్మిత్ అనే ఆవిడ నలుగురు పిల్లలతో ఉండేది. తెల్లవారుజామున మూడున్నరకి హోటల్లో వంటపనికి పోయి మధ్యాహ్నం పన్నెండుకి దిగేది. వారానికి 16 నుంచి 20 డాలర్లు వచ్చేవి. ఒకతను ఆమె ఇంటికి వచ్చిపోతున్నాడని 1966లో సాయం ఆపేశారు. అతనికి తన సొంత భార్యాబిడ్డలున్నారు, ఈ పిల్లలకి పైసా ఇవ్వవలసిన బాధ్యత చట్టప్రకారం లేదు. అయినా ఆపేశారు. ఆవిడ కోర్టుకెక్కింది. ఆ నిబంధన వచ్చాక అలబామాలో సాయం పొందే పిల్లలు రెండున్నరేళ్లలో 16,000 మంది తగ్గారని కోర్టు లెక్క తీసింది. 1968 జూన్‌లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులంతా ఏకమై, తల్లి నడత మీద పిల్లల తిండి ఆధారపడకూడదని తేల్చారు.

జెఫిర్ దుకాణానికి ఎంతో దూరంలో లేదు వాట్స్ అనే నల్లజాతివాళ్ల పేట. అక్కడ జానీ టిల్‌మన్ అనే ఆవిడ 1963లోనే సాయం తీసుకునే తల్లులతో సంఘం పెట్టింది. చాకలిపని చేసి ఆరోగ్యం పాడై, ఆరుగురు పిల్లలతో ఈ పద్దు మీదకి వచ్చిన మనిషి. తరవాత దేశవ్యాప్తంగా తల్లుల హక్కుల సంఘానికి నాయకురాలైంది. పిల్లల్ని పెంచడం కూడా పనే, దానికి జీతమివ్వండి అని 1972లో పత్రికలో రాసింది. డాగ్‌టౌన్ కుర్రాళ్ల మీద సినిమాలొచ్చాయి. టిల్‌మన్ పేరు మా ఆఫీసులో అడిగితే ఒక్కరికీ తెలియలేదు.

అమెరికాలో పేదవాడెవరో తేల్చిన కొలత కూడా ఆ రోజులదే. సోషల్ సెక్యూరిటీ కార్యాలయంలో పనిచేసిన మోలీ ఒర్షాన్‌స్కీ 1960ల మొదట్లో ఒక లెక్క కట్టింది. కుటుంబం బతకడానికి కావలసిన చవక తిండి ఖర్చు తీసుకుని దాన్ని మూడుతో గుణించింది. అంతే, దారిద్ర్యరేఖ తయారు. ధరల పెరుగుదల కలుపుకుంటూ ఇవాళ్టికీ అధికారిక లెక్క అదే. ఇంటద్దె, పిల్లల సంరక్షణ ఖర్చులు తిండిని మించిపోయిన కాలంలో ఆ గీత కింద ఎందరున్నారో చెబితే సగం నిజమే చెప్పినట్టు. 1964లో అధ్యక్షుడు జాన్సన్ పేదరికం మీద యుద్ధం ప్రకటించాడు. 1969లో అధ్యక్షుడు నిక్సన్ నలుగురున్న ప్రతి పేద కుటుంబానికీ ఏడాదికి 1,600 డాలర్లు ఖాయంగా ఇద్దామన్నాడు. దిగువ సభ ఒప్పుకుంది, సెనేట్‌లో పడిపోయింది. తక్కువైందని ఒక పక్షం, ఎక్కువైందని ఇంకో పక్షం కలిసి పడగొట్టాయి. ఆ తరవాత మళ్లీ అంత దగ్గరగా రావడానికి ఈ దేశానికి యాభై ఏళ్లు పట్టింది.

మళ్లీ 1976కి వద్దాం. కొలనులు ఎండిన ఆ ఏడాదే రొనాల్డ్ రీగన్ అధ్యక్ష పదవికి పోటీపడుతూ ఊరూరా ఒక కథ చెప్పాడు. షికాగోలో ఒకావిడ బోలెడు దొంగపేర్లతో సాయం గుంజుకుంటోందట, కారులో తిరుగుతోందట. ఆవిడ నిజంగానే ఉంది, మోసమూ నిజమే, పెద్ద నేరస్తురాలు. కాకపోతే ఒక్క మనిషి నేరం లక్షలమంది తల్లుల ముఖానికి అంటుకుంది. రెండేళ్ల తరవాత, 1978 జూన్‌లో, కాలిఫోర్నియా ఓటర్లు ఇంటిపన్నుకి గరిష్ఠ హద్దు పెడుతూ 13వ ప్రతిపాదన ఆమోదించారు. నగరాలకీ జిల్లాలకీ వచ్చే ఇంటిపన్ను ఆదాయం ఒక్కసారిగా సగానికి పైగా పడిపోయింది. ముందు కోత పడింది గ్రంథాలయాలకి, వేసవి బడులకి, పార్కులకి. అంటే బడి వదిలాక తల్లి ఇంటికొచ్చేదాకా గుంటడు ఉండగలిగిన చోట్లకి.

అప్పటికే ప్రైవేటువాళ్లు 1976 నుంచీ టిక్కెట్టు పెట్టి స్కేట్‌పార్కులు కట్టారు. దెబ్బలు తగిలితే దావాలు పడతాయని బీమా కంపెనీలు రేట్లు పెంచేసరికి 80ల మొదటికల్లా వాటిలో చాలావరకు మూతపడి, బుల్‌డోజర్ల పాలయ్యాయి. కొలనుల్లో మళ్లీ నీళ్లొచ్చాయి. పార్కులు లేవు. మిగిలింది వీధి. మెట్లు, బెంచీలు, రెయిలింగులు, బ్యాంకుల ముందు పాలరాతి అరుగులు. వీధి స్కేటింగ్ అనే కొత్త విద్య అలా పుట్టింది. దాంతోపాటే నిషేధాల బోర్డులూ పుట్టాయి. 80ల చివర్లో స్కేట్‌బోర్డింగ్ నేరం కాదు అని స్టిక్కర్లు అచ్చేసి పిల్లలు గోడలకి అంటించుకున్నారు. ఊరికే నిలబడ్డ పేద గుంటడి మీద, కార్యాలయంలో వరసలో నిలబడ్డ పేద తల్లి మీద పెద్దల చూపు ఒకటే: వీళ్లు ఏదో ఎత్తుకుపోడానికే వచ్చారు.

ఈ ఆటలో ప్రొఫెషనల్ అంటే ఏమిటో చెప్పాలి, ఎందుకంటే మనం క్రికెట్ లెక్కన ఆలోచిస్తాం. ఇక్కడ జట్టు జీతం, బోర్డు కాంట్రాక్టు, పింఛను లాంటివి లేవు. కంపెనీ నీ పేరుతో ఒక చెక్క తయారుచేస్తే నువ్వు ప్రొఫెషనల్. అమ్ముడైన ఒక్కో చెక్కకి ఇంతని చేతిలో పెడతారు. చెప్పుల కంపెనీ తోడైతే కాస్త నిలదొక్కుకుంటావు. ఉద్యోగివి కావు కాబట్టి ఆరోగ్య బీమా ఉండదు. ఈ దేశంలో బీమా లేకుండా చీలమండ విరిగితే ఆ బిల్లుతో మన దగ్గర డాబా ఇల్లు లేస్తుంది. టోనీ హాక్ 1982లో, 14 ఏళ్లకి ప్రొఫెషనల్ అయ్యాడు. టీనేజీ దాటకముందే ఇల్లు కొన్నాడు. 90ల మొదట్లో ఆట గిరాకీ పడిపోతే రోజుకి 5 డాలర్లతో తిండి గడుపుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. 1999లో గాల్లో రెండున్నర చుట్లు తిరిగే విన్యాసం మొదటిసారి పోటీలో చేసి, అదే ఏడాది తన పేరుతో వీడియో గేమ్ వచ్చాక కోట్లు చూశాడు. అతను పేదింటి బిడ్డ కాదు. తండ్రి వెంట ఉండి, పిల్లల పోటీలు నడపడానికి సంఘమే పెట్టాడు. ఆ అండ ఎంత విలువైనదో లెక్కల్లో కనబడదు.

అండ లేని పిల్లాడి కథ కావాలంటే ఫిలడెల్ఫియా వెళ్లాలి. నగరం నడిబొడ్డున లవ్ పార్క్ అని ఉంది. 1965లో కట్టారు. ఎడ్మండ్ బేకన్ అనే నగర ప్రణాళికా అధికారి ఊహ అది. గ్రానైటు అంచులు, మెట్లు, ఫౌంటెన్ ఉన్న ఆ పార్కు పొరపాటున ప్రపంచంలోకెల్లా గొప్ప స్కేటింగ్ స్థలమైంది. నల్లజాతి పేటల్లోంచి స్టీవీ విలియమ్స్ అనే పిల్లాడు అక్కడ ఆడి నేర్చుకున్నాడు. టీనేజీలోనే కాలిఫోర్నియాకి పోయి నిలవనీడ లేకుండా తిరిగాడు. కలిగిన పిల్లలు స్టీవీ ముఠాని మురికివాడ వెధవలని తిట్టేవారు. ఆ ఇంగ్లీషు తిట్టులోని మొదటి అక్షరాలు తీసుకుని 2002లో డీజీకే అని సొంత కంపెనీ పెట్టాడు. ఇవాళ ఆ పేరున్న చొక్కాలు మా వీధిలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల పిల్లలు వేసుకు తిరుగుతున్నారు.

ఫిలడెల్ఫియా నగరం 2001, 2002 సంవత్సరాల్లో ఎక్స్ గేమ్స్ అనే పెద్ద పోటీలు తెచ్చుకుంది. టీవీల్లో లవ్ పార్క్ బొమ్మ చూపించి డబ్బు చేసుకుంది. అదే 2002లో ఆ పార్కులో స్కేటింగ్ చేసేవాళ్లని పట్టుకుని జరిమానాలేసి, అంచులు పీకి, గడ్డి పరిచి, కుర్రాళ్లని తరిమేసింది. ఆ అక్టోబరులో 92 ఏళ్ల ఎడ్మండ్ బేకన్ తన పార్కుకి తానే వచ్చాడు. నెత్తిన హెల్మెట్ పెట్టుకుని, ఇద్దరు పక్కన పట్టుకోగా, నిషేధాన్ని ధిక్కరించి చక్రాల చెక్క ఎక్కి కాస్త దూరం జారాడు. ఒక చెప్పుల కంపెనీ పార్కు మరమ్మతులకి పదేళ్లపాటు మొత్తం 10 లక్షల డాలర్లిస్తామన్నా నగరం వద్దంది. నా మటుకు నాకు ఈ దేశ చరిత్రలో స్వాతంత్ర్య ప్రకటన కంటే ఆ ముసలాయన నాలుగు గజాల ప్రయాణమే ఎక్కువ నచ్చుతుంది.

ఆ మధ్యలోనే తల్లుల కథ ముగింపుకొచ్చింది. 1996 ఆగస్టు 22న అధ్యక్షుడు క్లింటన్, మనకి తెలిసిన సంక్షేమాన్ని అంతం చేస్తానన్న తన ఎన్నికల మాట నిలబెట్టుకుంటూ కొత్త చట్టం మీద సంతకం చేశాడు. 1935 నాటి పద్దు పోయింది. కేంద్ర సొమ్ముతో జీవితం మొత్తం మీద 60 నెలలే సాయం, ఆలోగా పని చూసుకోవాలి. కేంద్రం రాష్ట్రాలకి ఏటా ఒక గంపగుత్త సొమ్ము ఇస్తుంది, 1,650 కోట్ల డాలర్లు. ధరలు ఎంత పెరిగినా అది పెరగలేదు. క్లింటన్ ప్రభుత్వంలోనే పనిచేస్తున్న పీటర్ ఎడెల్‌మన్ నిరసనగా రాజీనామా చేశాడు. 1996లో పేద కుటుంబాలు 100 ఉంటే 68 మందికి నగదు అందేది. 2020 నాటికి 21 మందికి. కాలిఫోర్నియా అయితే ఇంకో మెలిక పెట్టింది. సాయం తీసుకుంటున్న కాలంలో పుట్టిన బిడ్డకి పైసా లేదు. ఆ నిబంధన 2016 దాకా నడిచింది.

వలస వచ్చినవాళ్లకీ ఆ చట్టం తగిలింది. గ్రీన్‌కార్డు వచ్చినా అయిదేళ్లదాకా చాలా సాయాలకి అర్హత లేదు. ఇక ప్రభుత్వానికి భారమయ్యే మనిషిని దేశంలోకి రానివ్వకూడదన్న నిబంధన 1882 నుంచీ ఉంది. అందుకే తెలుగువాళ్ల ఇళ్లల్లో ఎవరికైనా ఉద్యోగం పోతే సాయం అడగాలన్నా భయం. ఆకలేసినా అప్లికేషన్ పెట్టరు.

ఇక గుంటడికి పీట వేసిన సంగతి. 1997లో కాలిఫోర్నియా చట్టం చేసింది. స్కేట్‌బోర్డింగ్ ప్రమాదమున్న ఆట, 14 ఏళ్లు దాటినవాడు తెలిసి ఆడి దెబ్బ తగిలించుకుంటే నగరం మీద దావా చెల్లదు. అంతే, దావా భయం పోయేసరికి ఊరూరా సిమెంటు పార్కులు లేచాయి. ఆరిగన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ కుర్రాళ్లు 1990లోనే ఎవరినీ అడక్కుండా వంతెన కింద సొంతంగా సిమెంటు కలిపి బర్న్‌సైడ్ పార్కు కట్టుకుంటే, నగరం చూసి చూసి సరేనంది. టోనీ హాక్ 2002లో పెట్టిన సంస్థ పేద పేటల్లో 600కి పైగా పార్కులకి చెయ్యి అందించింది. మంచి పని, కాదనను. మా ఊరి పార్కులో మా వాడు పడి లేస్తుంటే, ఎవరు ఏ ఇంటి పిల్లాడో చూడకుండా పెద్ద కుర్రాళ్లు చెయ్యిచ్చి లేపడం నాకెంతో ఇష్టం. రిబ్బను కత్తిరించడానికి మేయరు వస్తాడు, ఫొటో పడుతుంది. తల్లి బ్యాంకు ఖాతాలో డబ్బు పడినప్పుడు ఫొటో తియ్యడానికి ఏముంటుంది?

ఆట స్థలానికీ తల్లి డబ్బుకీ మధ్య ఈ పక్షపాతం ఎంతదాకా పోతుందో మిస్సిసిపీ చూపించింది. దేశంలోకెల్లా పేద రాష్ట్రం. అక్కడ ముగ్గురున్న కుటుంబానికి నెలకి గరిష్ఠంగా 170 డాలర్లిచ్చేవారు, 2021లో 260 చేశారు. అప్లికేషన్లలో చాలావాటిని తోసిపుచ్చేవారు. ఆ మిగిలిన సొమ్ము ఎటుపోయిందని ఆడిట్ చేస్తే, కనీసం 7 కోట్ల 70 లక్షల డాలర్లు దారి తప్పాయని తేలింది. అందులో 50 లక్షలు విశ్వవిద్యాలయంలో వాలీబాల్ ఆడే భవనానికి పోయాయి. పేద కుటుంబాలకి కేంద్రం పంపిన డబ్బుతో వాలీబాల్ కోర్టు! ఆ శాఖ అధిపతి 2022లో నేరం ఒప్పుకున్నాడు.

ఒకే ఒక్క ఏడాది ఈ దేశం దారి మార్చింది. కరోనా కాలంలో, 2021 మార్చిలో చేసిన చట్టంతో, ఆరేళ్లలోపు బిడ్డకి ఏడాదికి 3,600 డాలర్లు, ఆ పైన 17 ఏళ్లదాకా 3,000 డాలర్లు ఇచ్చారు. అందులో సగం జూలై నుంచి డిసెంబరు దాకా నెలనెలా ఖాతాలో వేశారు. పని చేస్తున్నావా, మగాడున్నాడా అని అడగలేదు. అసలు ఆదాయమే లేని తల్లికి కూడా పూర్తిగా ఇచ్చారు. అక్కర లేకపోయినా మా ఇంటికీ వచ్చింది. ఇక్కడ పుట్టని, సోషల్ సెక్యూరిటీ నంబరు లేని, ఉద్యోగి కుటుంబానికిచ్చే హెచ్4 వీసా మీద వచ్చిన పిల్లలున్న తెలుగు ఇళ్లకి మాత్రం రాలేదు. ఫలితం జనాభా లెక్కల శాఖ చెప్పింది. ప్రభుత్వ సాయాన్ని కూడా కలిపి చూసే కొత్త కొలత ప్రకారం పిల్లల పేదరికం 5.2 శాతానికి దిగింది. ఈ దేశం అంత తక్కువ ఎప్పుడూ చూడలేదు. చట్టం పొడిగించడానికి సెనేట్‌లో ఒక్క ఓటు తగ్గింది. అధికార పార్టీకే చెందిన సెనేటర్ జో మాంచిన్ ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది అది 12.4 శాతానికి ఎగబాకింది. అంటే 50 లక్షల మందికి పైగా పిల్లలు ఏడాది తిరక్కుండా మళ్లీ ఆ గీత కిందకి వచ్చారు.

అదే 2021 వేసవిలో టోక్యోలో స్కేట్‌బోర్డింగ్ మొదటిసారి ఒలింపిక్స్‌కి ఎక్కింది. 13 ఏళ్ల జపాన్ పిల్ల మొమిజి నిషియా బంగారు పతకం పట్టుకుపోయింది. ఆట పుట్టిన అమెరికాకి అక్కడా, 2024లో పారిస్‌లోనూ ఒక్క బంగారు పతకం రాలేదు. ఇక్కడి టీవీలు దాని గురించి చర్చించినంతగా 12.4 శాతం గురించి చర్చించలేదు.

మనకీ ఈ జబ్బు లేకపోలేదు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. శ్రీకాకుళం జిల్లాలో ప్రతి సభలోనూ ఆమె పేరు చెప్పి కష్టపడితే ఎవరైనా పైకొస్తారంటారు. మన సముద్రమే కాస్త కిందికి దిగితే మహాబలిపురంలో జాలరి పేట పిల్ల కమలి మూర్తి ఉంది. చెప్పుల్లేని కాళ్లతో చక్రాల చెక్క ఎక్కిన ఆ పిల్ల ఫొటో టోనీ హాక్ పంచుకుంటే ప్రపంచమంతా తిరిగింది. ఆమె మీదా, తీరంలో చిన్న దుకాణం నడుపుకునే ఆమె తల్లి మీదా తీసిన లఘుచిత్రం బ్రిటన్‌లో బాఫ్టా పురస్కారాల పోటీ దాకా వెళ్లింది. గర్వపడవలసిందే. అయితే మల్లీశ్వరి ఒక్కరే, కమలి ఒక్కతే. పలాసలో జీడిపిక్కలు ఒలిచే తల్లులు వేలల్లో ఉన్నారు. వాళ్ల పిల్లల్లో నూటికి తొంభైతొమ్మిది మంది ఏ పతకమూ తేరు, తేవలసిన పనీ లేదు. తిండి తిని, బడికి పోయి, సాయంత్రం ఆడుకుంటే చాలు.

ఒక్క విషయంలో మన ఆంధ్ర అమెరికా కంటే ముందుందని ఇక్కడి వాళ్లకి గట్టిగా చెబుతుంటాను. 2020లో అమ్మ ఒడి వచ్చింది, తల్లికి ఒక బిడ్డ లెక్కన. 2025 జూన్‌లో తల్లికి వందనం వచ్చింది, ఎంతమంది పిల్లలుంటే అందరికీ, ఒక్కొక్కరికి 15 వేలు, అందులో 2 వేలు బడి నిర్వహణకి పోను. వేట నిషేధమున్న 61 రోజులకి జాలరి కుటుంబానికిచ్చే సొమ్ముని అదే ఏడాది 20 వేలు చేశారు. ఆ పథకాన్ని మన జిల్లాలోనే, బుడగట్లపాలెంలో మొదలుపెట్టారు. పార్టీ మారితే పథకం పేరు మారుతుంది గానీ, తల్లి ఖాతాలో డబ్బు వెయ్యకూడదనే ధైర్యం ఎవరికీ లేదు. అమెరికాలో ఆ ధైర్యం అందరికీ ఉంది.

కానీ కరెంటు బిల్లు 300 యూనిట్లు దాటిందని మన దగ్గరా జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. రెండు కాపురాలకి ఒకటే మీటరున్న ఉమ్మడి ఇళ్లలో ఇది మామూలే. అలబామా అధికారులు మంచం కింద చెప్పులు వెతికారు, మనవాళ్లు మీటరు చూస్తున్నారు. పేరు పోయిన తల్లులు సచివాలయంలో అర్జీ పెట్టండి. ఊరుకోకండి. శ్రీమతి స్మిత్ ఊరుకుని ఉంటే ఆ నిబంధన ఇంకెన్నాళ్లు నడిచేదో!

మూలపేట పోర్టు పనులు జరుగుతున్నాయి. తీరం రూపు మారిపోతుంది, లారీలు తిరుగుతాయి, ఇసుకలో గుంటలు ఆడుకునే జాగాకి కంచె పడుతుంది. సంతబొమ్మాళి మండలంలోని పంచాయతీలన్నీ కలిసి పిల్లలకి ఆట స్థలం అడగండి. చక్రాల చెక్కల పార్కే కానక్కర్లేదు, కబడ్డీ కోర్టయినా, వాలీబాల్ కోర్టయినా సరే. ఆ ఖర్చు పోర్టు కట్టేవాళ్లు పెట్టాలి. సంక్షేమ పద్దులోంచి తీసి కడతామని ఏ నాయకుడైనా అంటే మిస్సిసిపీ సంగతి చెప్పి, గ్రామసభలో లేచి నిలబడి ఒప్పుకునేది లేదని చెప్పండి.